మందు బజారు నుంచి పోయినా బాధ్యత పోదు: నష్టపోయిన రోగులకి చట్టంలో ఉన్న దారులు

శ్రీకాకుళంలో జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాటలు మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈవేళ మాట్లాడుకునేది ఒకటే విషయం. డాక్టరు రాసిచ్చిన మందు వాడాం. ఒంటికి చెడు జరిగింది. కొన్నాళ్ళకి ఆ మందుని ప్రభుత్వం నిషేధించిందనో, కంపెనీయే వెనక్కి తీసేసుకుందనో పేపర్లో చూశాం. ఇప్పుడు మనకేటి దారి? మందే పోయింది, ఇంకెవర్ని అడుగుతాం అని కొంతమంది ఊరుకుండిపోతారు. నిషేధించారు కదా, కేసు గెలిచేసినట్టే అని ఇంకొంతమంది అనుకుంటారు. రెండూ తప్పే. మందు బజారు నుంచి పోయినా, అమ్మినన్నాళ్ళ బాధ్యత కంపెనీ మీద అలాగే ఉంటుంది. అలాగని నిషేధం కాగితం ఒక్కటి పట్టుకెళ్తే పరిహారం రాదు. నా ఒంట్లో జరిగిన ఈ చెడుకి ఆ మందే కారణం అని మీరు చూపించాలి. అది ఎలా చూపించాలన్నదాని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే కేసులు పోయేది అక్కడే.

మొదట, మీ మందు ఎందుకు పోయిందో తేల్చుకోండి. అన్నీ ఒక రకం కాదు. ప్రభుత్వం నిషేధించడం ఒక రకం. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో 26-ఎ సెక్షన్ కింద కేంద్రం గెజెట్‌లో ప్రకటన ఇస్తుంది. 2018 సెప్టెంబరులో 328 కాంబినేషన్ మందులు, అంటే రెండు మూడు మందులు ఒకే బిళ్ళలో కలిపినవి, అలాగే పోయాయి. 2024 ఆగస్టులో 156 పోయాయి. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినాలి. ఆ 156లో ఎసిక్లోఫెనాక్ 50 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 125 మిల్లీగ్రాములు కలిసిన బిళ్ళ ఉంది. మీ ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళ చూడండి. దాని మీద 100, 325 అని ఉంటే అది ఆ ప్రకటనలోది కాదు. పేరు ఒకటే, పాళ్ళు వేరు. ప్రకటనలో పాళ్ళతో సహా రాస్తారు, ఆ పాళ్ళకే నిషేధం. పేపర్లో పేరు చూసి కేసు వేస్తే మొదటి వాయిదాలోనే ఈ మాట అవతలి లాయరు లేవదీస్తాడు.

కంపెనీ తనంతట తాను తీసేసుకోవడం రెండో రకం. రోఫెకాక్సిబ్ అని కీళ్ళనొప్పుల మందు ఉండేది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలి, 2004 సెప్టెంబరు 30న మెర్క్ కంపెనీ ప్రపంచమంతా దాన్ని ఉపసంహరించుకుంది. మన దగ్గర అదే రసాయనం వేరే కంపెనీలు వేరే పేర్లతో అమ్మేవి. ఇక్కడ నిషేధం డిసెంబరులో వచ్చింది. మరి సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు దాకా అమ్మినవాళ్ళకి ప్రమాదం తెలీదా? ప్రపంచమంతా తెలిసిన సంగతి వీళ్ళకి తెలీదా? అలాంటి మధ్య కాలంలో మీరు మందు కొన్నట్టు బిల్లు ఉంటే, అది మీ చేతిలో ఉన్న గట్టి కాగితం.

మూడోది, మందు మంచిదే గాని ఆ బ్యాచ్ చెడ్డది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గుమందు తాగిన పిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు కదా. ఆ సీసాల్లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం దొరికింది. అది తయారీ లోపం. ఇలాంటి కేసులో ల్యాబ్ పరీక్ష ప్రాణం. మొదటి రెండు రకాల్లో అదే ల్యాబ్ పరీక్ష మీకే ఎదురు తిరుగుతుంది. ఎందుకంటారా? మందు ప్రమాణాల ప్రకారమే తయారైంది, దాని స్వభావంలోనే ప్రమాదం ఉంది. అప్పుడు ల్యాబ్ ఏమని రాస్తుంది? 'ప్రామాణిక నాణ్యత కలది' అని రాస్తుంది. ఆ కాగితం కంపెనీ చేతికి మనమే ఇచ్చినట్టవుతుంది. కాబట్టి పరీక్షకి పంపే ముందు మీ ఫిర్యాదు ఏ రకమో తేల్చుకోవాలి.

బ్యాచ్ మీదే అనుమానమైతే, కొనుక్కున్న మనిషే ప్రభుత్వ అనలిస్టుకి పంపించుకోవచ్చు. ఇందాక చెప్పిన 1940 చట్టంలోనే 26వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ఫారం 14-ఎ నింపి, ఫీజు కట్టాలి. అనలిస్టు సంతకంతో రిపోర్టు ఇస్తారు. సగం తాగేసిన సీసా పంపితే, మీరే ఏదో కలిపారంటారు. అదే బ్యాచ్‌లో సీలు తియ్యని సీసా దొరికితే అది పంపండి. మీ దగ్గర లేకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. షాపులో శాంపిలు తీసే అధికారం ఆయనకుంది. ఆ మందు ఎవరి దగ్గర కొన్నావని ఆయన అడిగితే షాపువాడు చెప్పి తీరాలి.

ఇప్పుడు రుజువుల దగ్గరికొద్దాం. మన ఊళ్ళలో మందు ఎలా కొంటాం? నాలుగు బిళ్ళలియ్యి బాబూ అంటాం. ఆయన కత్తెరతో స్ట్రిప్ కత్తిరించి, కాగితం పొట్లంలో పెట్టి ఇచ్చేస్తాడు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, లైసెన్సు నంబరు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. బిల్లేటికి, ఎనిమిది రూపాయల మందుకి, అంటాం. ఆ ఎనిమిది రూపాయల బిల్లు లేకపోతే మీరు వినియోగదారుడని రుజువు చెయ్యడమే కష్టమైపోతుంది. బిల్లు అడగండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉందో లేదో చూడండి. స్ట్రిప్ అయిపోయాక పారెయ్యకండి. మందుల చీటీ వెనక్కి పిన్ను చేసి పెట్టండి. ఫోన్‌లో రెండు వైపులా ఫొటో తీసి పెట్టండి. థర్మల్ కాగితం మీద వచ్చిన బిల్లు అయితే కొన్నాళ్ళకి అక్షరాలు చెరిగిపోతాయి, ఆ రోజే జెరాక్సు తియ్యండి.

స్ట్రిప్ మీద రెండు పేర్లు ఉండొచ్చు. తయారు చేసింది ఒకరు, హిమాచల్‌లోని బద్దీలోనో, సిక్కింలోనో. అమ్మేది ఇంకొకరు, పెద్ద పేరున్న కంపెనీ. ఇద్దర్నీ కేసులో ప్రతివాదులుగా చేర్చండి, దాన్నే పార్టీ చెయ్యడం అంటారు. 2021 మార్చి నుంచి, తన పేరు మీద మందు అమ్మే కంపెనీ కూడా దాని నాణ్యతకి బాధ్యురాలని ఔషధ నిబంధనల్లో చేర్చారు. వినియోగదారుల చట్టంలో కూడా, వేరేవాళ్ళు చేసిన సరుకు మీద తన ముద్ర వేసుకున్నవాడు ఉత్పత్తిదారు కిందికే వస్తాడు.

ఆస్పత్రి కాగితాలు. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి సరిపోదు. కేస్ షీటు మొత్తం కావాలి. ఏ రోజు ఏ మందు ఎంత ఇచ్చారో నర్సులు రాసే చార్టు కూడా కావాలి. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. మూడేళ్ళు దాచాలన్నదీ అందులోనే ఉంది. నోటితో అడిగితే రేపు రమ్మంటారు. అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.

సరే, అసలు చిక్కు. కారణం చూపించడం. ఇక్కడ ఉద్దానం నుంచి వచ్చినవాళ్ళున్నారు కదా? కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి. మీకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఒక నొప్పి మందు వల్ల నా కిడ్నీలు పాడయ్యాయని మీరు కేసు వేశారనుకోండి. కంపెనీ లాయరు మొదట అనే మాట ఏటో చెప్పనా? 'ఆయనది ఉద్దానం, అక్కడ మందు వాడనివాళ్ళకీ కిడ్నీ జబ్బు వస్తోంది.' అంతే, భారమంతా మీ మీద పడిపోయింది. దానికి జవాబు మీ పాత క్రియాటినిన్ కాగితంలో ఉంది, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష కాగితంలో. మందు మొదలుపెట్టక ముందు రక్తపరీక్ష చేయించుకున్నారా? ఊళ్ళో స్క్రీనింగ్ క్యాంపు పెట్టినప్పుడు ఇచ్చిన చీటీ ఉందా? మందుకి ముందు 1.0 ఉండి, వాడిన మూడు నెలలకి 3.2 అయిందనుకోండి, ఆ రెండు కాగితాలు మాట్లాడతాయి. ముందు ఎంత ఉందో తెలీకపోతే, జబ్బు అంతకు ముందే ఉందంటాడు, మనం కాదనలేం. అందుకని ఉద్దానం వైపు వాళ్ళు క్యాంపుల్లో ఇచ్చిన ప్రతి చీటీ దాచండి. ఇది కేసు కోసమే కాదు, డాక్టరుకీ పనికొస్తుంది.

ఇంటికెళ్ళాక ఒక తెల్లకాగితం మీద తేదీల పట్టీ రాయండి. మందు ఏ రోజు మొదలెట్టాం, రోజుకెన్ని, మొదటి లక్షణం ఎప్పుడు, ఎప్పుడు ఆపాం, ఆపాక తగ్గిందా, తగ్గితే ఎన్నాళ్ళకి, మళ్ళీ అదే మందు వేస్తే మళ్ళీ వచ్చిందా. అదే సమయంలో వాడిన మిగతా మందులన్నీ రాయండి, నాటు మందులతో సహా. దాచొద్దు. అవతలివాళ్ళు బయటపెడితే మీ మిగతా మాటలన్నీ అబద్ధాలైపోతాయి. డాక్టర్లు, ఫార్మకాలజీవాళ్ళు సరిగ్గా ఈ ప్రశ్నలే వేసి, మందుకీ చెడుకీ సంబంధం ఖాయమా, బహుశానా, ఉండొచ్చా, లేనట్టేనా అని తేలుస్తారు. 'బహుశా' అన్నంత వరకైనా ఒక డాక్టరు రాసిస్తే వినియోగదారుల కమిషన్ ముందు నిలబడగలం. ప్రతి కేసుకీ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో వి. కిషన్‌రావు కేసులో చెప్పింది, నిజమే. కానీ మందు దుష్ప్రభావం కేసులో ఆ తీర్పు నమ్ముకుని నిపుణుడు లేకుండా వెళ్ళడం మంచిది కాదని నా అభిప్రాయం.

ఇంకొకటి, దుష్ప్రభావం ఫిర్యాదు. మందుల దుష్ప్రభావాల మీద కన్నేసి ఉంచే ఫార్మకోవిజిలెన్స్ అనే ప్రభుత్వ కార్యక్రమం 2010 నుంచి ఉంది, దాని ముఖ్య కార్యాలయం ఘాజియాబాద్‌లో. 1800-180-3024కి ఫోన్ చేస్తే డబ్బు పడదు. రోగులు నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. అది నింపినంత మాత్రాన పరిహారం రాదు, అది కేసు కాదు. కానీ ఫలానా తేదీకే నేను ఈ సంగతి చెప్పాను అనడానికి సాక్ష్యం. పైగా, మందుని తీసెయ్యాలా వద్దా అని ప్రభుత్వం తేల్చేది ఇలాంటి ఫారాలు చూసే.

ఇక ఎక్కడ కేసు వెయ్యాలి? మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. కంపెనీ బద్దీలో ఉందని బద్దీ వెళ్ళక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వెయ్యొచ్చు. శ్రీకాకుళం వాళ్ళు శ్రీకాకుళంలో, విజయనగరం వాళ్ళు విజయనగరంలో. నేను యాభై లక్షలు అడుగుతున్నాను, జిల్లాలో వెయ్యొచ్చా అని అడుగుతారు. వెయ్యొచ్చు. ఇప్పుడు చూసేది మీరు అడిగే పరిహారాన్ని కాదు, మందుకి మీరు కట్టిన డబ్బుని. కట్టింది యాభై లక్షల లోపైతే జిల్లా కమిషనే. ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అంటే నొప్పి బిళ్ళ కేసుకి ఫీజు సున్నా. లాయరు కూడా తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. దారి తెలీకపోతే 1915కి ఫోన్ చెయ్యండి.

ఈ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని ఒక అధ్యాయం ఉంది, 82 నుంచి 87 దాకా సెక్షన్లు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. తయారీ లోపం, రూపకల్పన లోపం, సరైన హెచ్చరిక ఇవ్వకపోవడం, వీటిలో ఏది చూపించినా 84వ సెక్షన్ కింద తయారీదారు బాధ్యుడు. ఉపసంహరించిన మందుల కేసులు ఎక్కువగా హెచ్చరిక మీదే నడుస్తాయి. పయోగ్లిటజోన్ సంగతి చూడండి. షుగరు మందు. 2013 జూన్‌లో నిషేధించారు, జూలై ఆఖరుకి నిషేధం ఎత్తేసి, పెట్టె మీద హెచ్చరిక రాసి అమ్ముకోమన్నారు. అంటే మందు అదే, మారింది హెచ్చరిక. ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు చెప్పారు, ఈ రెండు తేదీల మధ్య దూరమే కేసు.

ఇప్పుడు 87వ సెక్షన్. దీన్ని చదవకుండా ఎవరూ కేసు వెయ్యొద్దు. నిపుణుల పర్యవేక్షణలోనే వాడాల్సిన సరుకైతే, ఆ నిపుణులకి హెచ్చరిక అందేలా తగిన ప్రయత్నం చేస్తే చాలు, తయారీదారుకి బాధ్యత లేదంటుంది అది. ప్రిస్క్రిప్షన్ మందంటే అదే కదా! కంపెనీ ఏమంటుంది? 'మేం డాక్టరుకి చెప్పాం, ఆయన మీకు చెప్పలేదేమో.' దీనికి మనం అడగాల్సింది: చెప్పారా? ఏ తేదీన? ఏ కాగితంలో? ఈ జిల్లా డాక్టర్లకి చేరిందా? ఆ పత్రాలు కమిషన్ ముందు పెట్టించమని అర్జీ వెయ్యండి. పత్రాలు తెప్పించడంలో సివిల్ కోర్టుకున్న అధికారం కమిషన్‌కి ఉంది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకి సమాచార హక్కు కింద పది రూపాయలతో అర్జీ పెట్టి, ఆ మందు మీద నిపుణుల కమిటీ మినిట్స్, అంటే సమావేశంలో ఏం మాట్లాడారో రాసిన కాగితాలు అడగండి. కంపెనీకి ప్రమాదం ఎప్పటికి తెలుసో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

ఇదే సెక్షన్‌కి ఇంకో వైపుంది. చీటీ లేకుండా షాపులో అడిగి కొన్నాం, ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత వేయించుకున్నాం. అప్పుడు కంపెనీ, ఇది దుర్వినియోగం, మాకు సంబంధం లేదంటుంది. ఆ వాదన చాలా బలంగా ఉంటుంది. చీటీ లేకుండా అమ్మిన షాపు మీద వేరే బాధ్యత ఉంటుంది గాని, పెద్ద కంపెనీ తప్పుకుపోతుంది. మన పల్లెల్లో ఎక్కువ మంది ఇలాగే మందులు వాడతారు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. నష్టపోయేది వాళ్ళే, కేసు నిలవనిదీ వాళ్ళకే.

మరి డాక్టరుని పార్టీ చెయ్యాలా? కోపం మీద చెయ్యకండి. ఆయన రాసిన రోజుకి మందు చట్టబద్ధంగా అమ్ముడవుతుంటే, నలుగురు డాక్టర్లు రాసే మోతాదులోనే ఆయనా రాస్తే, నిర్లక్ష్యం నిలబడదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు డాక్టర్లకి ఆ రక్షణ ఇచ్చింది. పైగా ఈ మందే కారణమని మీకు సాక్ష్యం చెప్పగలిగిన మనిషి ఆయన. ఆయన్ని ప్రతివాదిని చేసి, మళ్ళీ సాక్ష్యం చెప్పమంటే చెప్తాడా? నిషేధం తేదీ తరవాత కూడా రాశాడంటే, అది వేరే సంగతి. మోతాదు మించినా వేరే సంగతి. కునాల్ సాహా కేసులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ మోతాదు మించి ఇచ్చినందుకు 2013లో సుప్రీంకోర్టు దాదాపు ఆరు కోట్లు, దాని మీద వడ్డీ ఇప్పించింది.

ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇచ్చిన మందైతే? అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోట రోగి వినియోగదారుడు కాడని 1995లో వి.పి. శాంత కేసులో తేలింది. కాబట్టి కన్స్యూమర్ దారి కష్టం. సివిల్ దావా ఉంది, హైకోర్టులో రిట్ ఉంది. ప్రభుత్వం మీద దావాకి రెండు నెలల ముందు నోటీసివ్వాలి, మర్చిపోకండి.

గడువు. కమిషన్‌లో రెండేళ్ళు. ఎప్పటి నుంచి? నిషేధం వచ్చిన రోజు నుంచి అని ధీమాగా ఉండొద్దు. నష్టం సంగతి తెలిసిన నాటి నుంచి, లేదా శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన నాటి నుంచి లెక్క అని సుప్రీంకోర్టు 2010లో శ్రీఖండే కేసులో చెప్పింది. ఆ కేసులోనే, ఏళ్ళ తరబడి నొప్పి పడుతూ కారణం వెతుక్కోలేదని ఫిర్యాదుదారు ఓడిపోయింది. కాబట్టి ఒంట్లో తేడా కనపడ్డ రోజు నుంచి లెక్కపెట్టుకోండి. దాటితే ఆలస్యానికి కారణం చూపుతూ అర్జీ ఉంది. వాళ్ళు మన్నిస్తేనే. సివిల్ దావాకి మామూలుగా మూడేళ్ళు. మనిషి చనిపోయి వారసులు వేస్తే రెండేళ్ళే.

కంపెనీ జవాబు దాఖలు చెయ్యడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ఆ 45 దాటాక కమిషన్ కూడా పొడిగించలేదు, 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఆ తేదీ మీరు రాసి పెట్టుకుని, 46వ రోజున అభ్యంతరం చెప్పండి. కేసు మూడు నెలల్లో తేలాలని చట్టం, పరీక్ష అవసరమైతే ఐదు. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, ఓపిక పట్టాలి.

ఎంత అడగాలి? మార్కెట్లో ఉన్న మందు వల్ల నష్టానికి ప్రభుత్వం పెట్టిన పరిహార పథకం మన దేశంలో లేదు. క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించేటప్పుడు నష్టపోతే లెక్క ఉంది, ఇది దానిలోకి రాదు. తుంటి కీలు ఇంప్లాంట్ల విషయంలో మాత్రం 2018లో కేంద్రం ఒక సూత్రం పెట్టింది, 30 లక్షల నుంచి కోటీ 23 లక్షల దాకా. అది ఆ ఒక్క సరుకుకే. మనం పద్దులు వేసి చూపించాలి. అయిన ఖర్చు, ముందు అవబోయే ఖర్చు, పోయిన కూలి, పక్కన ఉండే మనిషి పోగొట్టుకున్న కూలి, విశాఖ రానూపోనూ ఛార్జీలు, పడ్డ క్షోభ. జీడి పిక్కల పనికి వెళ్ళే ఆడమనిషి ఆదాయం ఎలా చూపిస్తుంది? ఉపాధి హామీ జాబ్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, అవీ లేకపోతే కనీస వేతనాల ప్రకటన. డయాలసిస్‌కి వెళ్ళిన ప్రతి బస్సు టికెట్టూ దాచండి.

క్రిమినల్ వైపు క్లుప్తంగా. కల్తీ మందు వల్లనో, నకిలీ మందు వల్లనో ప్రాణం పోయినా, తీవ్ర గాయమైనా కనీసం పదేళ్ళు, యావజ్జీవం దాకా జైలు. జరిమానా కనీసం పది లక్షలు, అది బాధితుడికో వారసులకో చెందుతుంది. నష్టపోయిన మనిషే నేరుగా ఫిర్యాదు వెయ్యొచ్చు. ఇది కల్తీ, నకిలీ మందులకి. దుష్ప్రభావం వల్ల తీసేసిన మందుకి వర్తించదు.

ఒకే మందుతో పదిమంది నష్టపోతే కలిసి ఒకే ఫిర్యాదు వెయ్యొచ్చు, 35వ సెక్షన్ కింద కమిషన్ అనుమతితో. నిపుణుడి ఖర్చు పంచుకోవచ్చు. కానీ ఎవరి కాగితాలు వాళ్ళవే ఉండాలి.

కంపెనీ మనిషి ఇంటికొచ్చి చెక్కు ఇస్తానంటే? పుచ్చుకోండి, తప్పులేదు. కానీ సంతకం పెట్టే కాగితం తెలుగులో చదివించుకోండి. పూర్తి, తుది పరిష్కారం అని గాని, ఇక ముందు ఏ క్లెయిమూ చెయ్యనని గాని ఉంటే ఆగండి. రెండేళ్ళ తరవాత డయాలసిస్ మొదలైతే ఆ కాగితమే అడ్డొస్తుంది. అప్పటికప్పుడు సంతకం అడిగితే వద్దనండి, ఒక రోజు గడువడగండి.

అక్కడ ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. అమెరికాలో వేసిన కేసులో మనం చేరొచ్చా అంటున్నారు. రోఫెకాక్సిబ్ మీద అక్కడ 2007లో 485 కోట్ల డాలర్లకి రాజీ అయింది. అది అక్కడివాళ్ళ క్లెయిముల కోసం. ఇక్కడ ఇక్కడి కంపెనీ దగ్గర కొని ఇక్కడే వాడినవాళ్ళకి అందులో వాటా లేదు. ఎవరైనా చేర్పిస్తాం, రుసుము కట్టమంటే కట్టకండి. అక్కడి కేసుల్లో బయటపడ్డ పత్రాలు మాత్రం, కంపెనీకి ఎప్పుడు తెలిసిందో చూపించడానికి మన దగ్గర పనికొస్తాయి.

పెద్దాయన, మీరు. లాయరుకి డబ్బు లేదంటున్నారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, శ్రీకాకుళంలోనూ, విజయనగరంలోనూ. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. మిగతావాళ్ళకి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ 15100. వెళ్ళేటప్పుడు ఆధార్ జెరాక్సు, మందుల చీటీ, స్ట్రిప్, బిల్లు, ముందూ వెనకా రక్తపరీక్షలు, ఇందాక చెప్పిన తేదీల పట్టీ తీసుకెళ్ళండి. ఒరిజినల్సు మీ దగ్గరే ఉంచుకుని కాపీలు ఇవ్వండి.